చెప్పనిదాన్ని చదవడం: ప్రకటనల్లో, రాజకీయాల్లో ఒప్పించే ఎత్తుగడలు

నీట్, జేఈఈ ఫలితాలు వచ్చిన మర్నాడు తెలుగు పత్రికల మొదటి పేజీలో వార్తల కన్నా ముందు ర్యాంకులు కనిపిస్తాయి. పేజీ నిండా పిల్లల పాస్‌పోర్ట్ ఫొటోలు, ఒక్కో ఫొటో కింద పెద్ద అంకె, పైన కాలేజీ పేరు. టీవీ పెడితే అదే జాబితాను గుక్క తిప్పుకోకుండా చదివే గొంతు వినిపిస్తుంది. ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు... ఆ ర్యాంకులు దొంగవని అనుకోవాల్సిన పని లేదు. ఫొటోల్లో ఉన్నవాళ్లు నిజమైన పిల్లలే. కష్టపడి చదివారు, ర్యాంకు తెచ్చుకున్నారు. అయినా ఆ పేజీ చూసి అప్పు చేసైనా ఫీజు కట్టడానికి సిద్ధపడే తండ్రికి అవసరమైన సమాచారం మాత్రం అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఆయనకు తెలియాల్సినవి వేరే ఉన్నాయి. ఆ కాలేజీ బ్రాంచీలన్నిట్లో కలిపి ఎంతమంది పరీక్ష రాశారు? వాళ్లలో ఎంతమందికి సీటు వచ్చింది? తన పిల్లవాడిలా ఓ మాదిరిగా చదివేవాళ్లు చివరికి ఎక్కడ తేలారు? 2024లో దేశం మొత్తం మీద నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. వేలమంది చదివే సంస్థలో పాతికమందికి పెద్ద ర్యాంకులు రావడం గొప్ప విషయమో మామూలు విషయమో, మొత్తం సంఖ్య తెలిస్తే గానీ చెప్పలేం. సరిగ్గా ఆ సంఖ్యే ప్రకటనలో ఉండదు. బాగా చదివే పిల్లలను ముందే ఏరుకుని, ఫీజు తగ్గించి, ప్రత్యేక బ్యాచ్‌లో కూర్చోబెట్టి, వాళ్ల ర్యాంకులు చూపించి మామూలు సెక్షన్ల సీట్లు నింపుకుంటారని ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో చాలామందికి తెలుసు. తెలిసినా సరే, ఆ పేజీ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

సివిల్స్ కోచింగ్‌లో ఇదే పద్ధతిని సీసీపీఏగా పిలిచే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తవ్వి చూసింది. 2022 సివిల్ సర్వీసెస్ పరీక్షలో చివరికి ఎంపికైంది 933 మంది. 20 కోచింగ్ సంస్థలు 'మా విద్యార్థులే' అని చెప్పుకున్న లెక్కలన్నీ కలిపితే 3,500 దాటాయని ఆ సంస్థ తేల్చింది. మరి ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? ప్రిలిమ్స్, మెయిన్స్ సొంతంగానో వేరేచోట చదివో దాటిన అభ్యర్థి ఇంటర్వ్యూకు ముందు నాలుగైదు చోట్ల మాక్ ఇంటర్వ్యూలకు వెళతాడు. చాలాచోట్ల అది ఉచితం. ఫలితాలు రాగానే ఆ నాలుగైదు సంస్థల పోస్టర్ల మీదా అతని ఫొటో ఎక్కుతుంది. పోస్టరు చూసిన కుర్రాడు మాత్రం ఆ టాపర్ అక్కడ ఏడాదిపాటు ఫౌండేషన్ కోర్సు చదివాడని అనుకుని లక్షలు కడతాడు. 2024 నవంబరులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం చదివాడో, డబ్బు కట్టాడో లేదో ప్రకటనలో రాయాలి. ఫొటో వాడుకోవడానికి ఎంపికైన తరవాత అతని రాతపూర్వక అనుమతి కూడా తీసుకోవాలి.

ప్రచారం అనగానే అబద్ధం అనుకోవడం అలవాటైపోయింది. నిజానికి పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక, దానికి శిక్ష కూడా ఉంటుంది. అందుకే నిపుణులు దాని జోలికి తక్కువగా వెళతారు. వాళ్ల పనంతా ఏ నిజాన్ని ముందుకు తేవాలి, ఏ నిజాన్ని వెనక్కి నెట్టాలి అన్న ఎంపికలోనే ఉంటుంది. కాబట్టి ప్రకటనను గానీ ప్రసంగాన్ని గానీ పరీక్షించేటప్పుడు 'ఇది నిజమా' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. 'ఇది పూర్తిగా తెలియాలంటే ఇంకేం తెలియాలి' అని కూడా అడగాలి. సబ్బుకైనా, ప్లాటుకైనా, ఓటుకైనా ఇదే ప్రశ్న.

ఏడు పేర్లు

ఈ ఎత్తుగడలకు పేర్లు పెట్టి జనానికి నేర్పాలన్న ప్రయత్నం 1937లో న్యూయార్క్‌లో మొదలైంది. ప్రచార విశ్లేషణ సంస్థ అనే పేరుతో కొందరు అధ్యాపకులు ఏడు పద్ధతులను గుర్తించి బడులకు, చదువరుల బృందాలకు పంచారు. ఎదుటివాడికి చెడ్డపేరు తగిలించడం, ఎవరూ కాదనలేని మెరుపు మాటలు వాడటం, గౌరవం ఉన్నదాని పక్కన నిలబడి ఆ గౌరవాన్ని తనకు అంటించుకోవడం, ప్రముఖుడితో చెప్పించడం, 'నేనూ మీలాంటివాణ్నే' అనిపించడం, అనుకూలమైన ముక్కలే పేర్చడం, 'అందరూ ఇటే వస్తున్నారు' అని ఊదరగొట్టడం. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన కొద్ది కాలానికే, 1942లో, ఆ సంస్థ మూతపడింది. శత్రుదేశం ప్రచారాన్ని విప్పి చూపించిన కంటితోనే సొంత దేశం ప్రచారాన్నీ చూడటం యుద్ధకాలంలో ఎవరికైనా కష్టమే. ఆ ఇబ్బంది నేటికీ తీరలేదు. అవతలి పార్టీ ఎత్తుగడలు ఇట్టే కనిపిస్తాయి, మనం అభిమానించే పార్టీవి మాత్రం మామూలు మాటల్లాగే వినిపిస్తాయి.

ఈ ఏడింటిలో అనుకూలమైన ముక్కలు పేర్చడం ఎక్కువగా దొరికేది అంకెల్లోనే. బ్రిటన్‌లో ఒక టూత్‌పేస్ట్ ఉదంతం దీనికి చక్కటి ఉదాహరణ. 80 శాతానికి పైగా డెంటిస్టులు తమ పేస్టునే సిఫారసు చేస్తున్నారని కోల్గేట్ పోస్టర్లు వేసింది. వంద మందిలో ఎనభై మంది ఈ పేస్టు పేరు చెబితే మిగతా కంపెనీలన్నిటికీ కలిపి మిగిలేది ఇరవై మందేనని చూసినవాళ్లు అనుకోవడం సహజం. 2007లో అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ సర్వే కాగితాలు తెప్పించి చూసింది. సర్వేలో ఒక్కో డెంటిస్టు ఎన్ని పేస్టుల పేర్లయినా చెప్పవచ్చు. పోటీ కంపెనీ పేస్టు పేరు కూడా దాదాపు అంతేమంది చెప్పారు. అంకె సరైనదే. డెంటిస్టులను అడిగిన ప్రశ్న ఒకటి, పోస్టరు చూసినవాళ్లు ఊహించుకున్న ప్రశ్న ఇంకొకటి. ఆ పోస్టరు మళ్లీ వేయకూడదని సంస్థ తీర్పు చెప్పింది.

రాజకీయాల్లో ఇదే పని రోజూ జరుగుతుంది. 'మా హయాంలో రాష్ట్ర ఆదాయం ఇన్ని రెట్లు పెరిగింది' అనే మాటలో ధరల పెరుగుదల కలిసి ఉందా లేదా చెప్పరు. 'ఇన్ని లక్షల ఉద్యోగాలిచ్చాం' అంటారు గానీ అందులో పర్మనెంట్ ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, ఒప్పందాల కాగితాల మీద ఉన్నవెన్ని అనేది విడదీసి చెప్పరు. 'ఇన్ని లక్షల కోట్ల అప్పు చేశారు' అని ఎదుటివాళ్లు అంటే, అందులో అంతకుముందు ప్రభుత్వం వదిలి వెళ్లింది ఎంతో వాళ్లూ చెప్పరు. పోలిక ఏ సంవత్సరంతో మొదలుపెట్టారో చూస్తే చాలాసార్లు గుట్టు తెలిసిపోతుంది. కరోనా దెబ్బ తిన్న 2020-21తో పోలిస్తే ఏ ప్రభుత్వం వృద్ధి అయినా ఘనంగానే కనిపిస్తుంది.

అంటించుకున్న గౌరవం

1929 ఈస్టర్ ఆదివారం నాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ ఊరేగింపులో కొందరు యువతులు నడుస్తూ సిగరెట్లు వెలిగించారు. ఆడవాళ్లు వీధిలో పొగ తాగడం అప్పటికి తప్పు. అవి మామూలు సిగరెట్లు కావు, 'స్వేచ్ఛా దివిటీలు' అని పత్రికలకు ముందే కబురు అందింది. దీని వెనక ఉన్నది ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్, ఆయనకు డబ్బు కట్టింది అమెరికన్ టొబాకో కంపెనీ. అమెరికా మహిళలకు దేశవ్యాప్తంగా ఓటు హక్కు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ పోరాటం సంపాదించిన గౌరవాన్ని తీసుకెళ్లి ఒక పొగాకు కంపెనీ తన పెట్టె మీద అంటించుకుంది. పొగాకు గుణం గురించి ఒక్క మాట కూడా చెప్పకుండానే పని జరిగిపోయింది.

మన దగ్గర ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ సరుకు అమ్మకంలో కన్నా రాజకీయాల్లోనే దొరుకుతుంది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి టి.అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించారన్న వార్త రాష్ట్రమంతా పాకింది. 1978 నుంచి 1983 మధ్య కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను కూర్చోబెట్టింది. జనంలో కోపం నిజంగానే ఉంది. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు ఆ కోపానికి 'తెలుగువారి ఆత్మగౌరవం' అని పేరు పెట్టారు. అంతకుముందు దశాబ్దాల తరబడి తెర మీద రాముడిగా, కృష్ణుడిగా జనం చూసిన ముఖం ఆయనది. ఆ భక్తిని ఎవరూ కొత్తగా పుట్టించాల్సిన పని లేకపోయింది. దానికి తోడు ఖాకీ బట్టలు, చైతన్యరథం, రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే భోజనం, నిద్ర. దేవుడి వేషాల్లో చూసిన మనిషి లారీ డ్రైవరులా బతుకుతూ ఊరూరా తిరగడంలో రెండు ఎత్తుగడలు ఒకేసారి పనిచేశాయి. 1983 జనవరిలో, పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకు, అధికారం వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. ఎత్తుగడ కనిపించినంత మాత్రాన చెప్పిన విషయం బూటకమైపోదు. కిలో రెండు రూపాయల బియ్యం అమలైంది, పేదల పొయ్యి మీదకు చేరింది. మంచి పథకాన్నీ ఆకట్టుకునేలా చెప్పవచ్చు, చెడ్డ పథకాన్నీ ఆకట్టుకునేలా చెప్పవచ్చు. ప్రచార పద్ధతులు కాస్త నేర్చుకున్నవాళ్లు చేసే పొరపాటు ఇదే. 'ఇది ప్రచారం' అనేసి అక్కడితో ఆలోచన ఆపేస్తారు. చేయాల్సింది ఆ రథాన్ని, ఖాకీ బట్టలను కాసేపు పక్కన పెట్టి, మిగిలిన హామీని విడిగా తూచి చూడటం. బియ్యానికి ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, కార్డు ఎవరికి ఇస్తారు.

అలా తూచడానికి వీల్లేని మాటలే మెరుపు మాటలు. బంగారు తెలంగాణ, స్వర్ణాంధ్ర, అచ్ఛే దిన్, ప్రజాపాలన. ఏ పార్టీనీ విడిచిపెట్టాల్సిన పని లేదు, అందరూ వాడినవే. వీటిని వద్దనేవాడు ఎవడూ ఉండడు, అదే వీటి బలం. అంకె, గడువు లేని హామీని తప్పారని రుజువు చేయడం కుదరదు. ఎదుటివాళ్లకు తగిలించే పేర్లు దీనికి తిరగేసిన రూపం. దేశద్రోహి, పెయిడ్ బ్యాచ్, కులపిచ్చి అని ముద్ర వేసేస్తే ఆ మనిషి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ తప్పుతుంది. భూమి కోసం ధర్నాలో కూర్చున్నవాళ్లను 'పెయిడ్ ఆర్టిస్టులు' అన్న మరుక్షణం చర్చ వాళ్ల భూమి నుంచి వాళ్ల జేబు మీదకు మళ్లిపోతుంది. పేరు తీసేసి ప్రశ్నను మాత్రమే మళ్లీ చదువుకుంటే అది జవాబు లేకుండా అక్కడే మిగిలి ఉన్న సంగతి అర్థమవుతుంది.

గాలి ఇటే వీస్తోంది

'వై నాట్ 175' అని 2024 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ అంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న సీట్లే 175. వచ్చినవి 11. అదే ఎన్నికల్లో '400 పార్' అన్న బీజేపీకి లోక్‌సభలో 240 సీట్లు, ఎన్డీఏ మొత్తానికి 293 వచ్చాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందు 'భారత్ వెలిగిపోతోంది' అని ప్రకటనలు గుప్పించిన ఎన్డీఏ ప్రభుత్వం 2004లో ఓడిపోయింది. ఇలాంటి అంకెలను అంచనాలుగా చదవకూడదు. తటస్థంగా ఉన్న ఓటరును, బూత్ స్థాయి కార్యకర్తను, ఎటు దూకాలా అని చూస్తున్న స్థానిక నాయకుణ్ని గెలిచే వైపు లాగడానికి వేసిన అంకెలవి. గుంపు ఒక వైపు ఉందనిపిస్తే మనిషి తన కళ్లతో చూసినదాన్ని కూడా అనుమానిస్తాడని 1950ల మొదట్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ గీతల పొడవు ప్రయోగాలతో చూపించాడు. పక్కన కూర్చున్నవాళ్లంతా కావాలనే తప్పు చెబితే, జవాబు స్పష్టంగా కనబడుతున్నా చాలామంది కనీసం ఒకసారైనా వాళ్లతో పాటు తప్పే చెప్పారు. పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ చేర్చింది కూడా ఈ భయంతోనే.

సరుకుల దగ్గర ఇదే 'నంబర్ వన్ బ్రాండ్' అవుతుంది. ఎందులో నంబర్ వన్, ఏ ఏడాది, ఎవరి లెక్క అన్నది స్టార్ గుర్తు పెట్టి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. షాపింగ్ యాప్‌లో 'ఇంకా 2 మాత్రమే మిగిలాయి', 'ఇప్పుడే 38 మంది చూస్తున్నారు' అని వస్తే కొనేవాడికి టెన్షన్ పెరుగుతుంది. లేని తొందర పుట్టించడాన్ని 2023 నవంబరులో కేంద్రం 13 మోసపు డిజైన్ పద్ధతుల్లో ఒకటిగా చేర్చి నిషేధించింది. హైదరాబాద్ చుట్టుపక్కల 'ప్రీ లాంచ్ ఆఫర్, ఈ ఆదివారం వరకే' అనే ఫ్లెక్సీలు కూడా ఆ జాతివే, ఇంకాస్త ప్రమాదకరమైనవి. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా దగ్గర రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడమే 2016 రెరా చట్టం ప్రకారం తప్పు. గజం ధర రెండు వేలు తగ్గుతుందన్న తొందరలో ఆ నంబరు అడగడం మరిచిపోతారు. తొందరపెట్టేది అందుకే.

భయం ఎలా ప్రయాణిస్తుంది

2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల పల్లెల్లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వదంతి పాకింది. ఊళ్లలో రాత్రిళ్లు కర్రలతో కాపలాలు మొదలయ్యాయి. కొత్త మనిషి, మతిస్థిమితం లేని మనిషి, భాష రాని మనిషి ఎవరు కనబడినా కొట్టారు. కొందరు చనిపోయారు కూడా. ఆ కాలంలో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి దగ్గరగా చూడదగ్గది. వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, బైక్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాడిని లాక్కుని వెళ్లిపోతారు. అక్కడితో ముగుస్తుంది. అసలు వీడియో అక్కడితో ముగియదు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. చివర్లో ఆ బైక్ వెనక్కి వచ్చి పిల్లవాడిని దించుతుంది. కరాచీ వీధుల్లోంచి పిల్లవాడిని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలని రాసిన బ్యానరు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. కొత్తగా ఏ దృశ్యమూ చేర్చలేదు, కొన్ని సెకన్లు తీసేశారు, అంతే. మనుషుల ప్రాణాలు పోవడానికి అది సరిపోయింది.

జోగుళాంబ గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి దీన్ని ఎదుర్కొన్న తీరు ప్రచారం మీద పనిచేసేవాళ్లందరూ చదవాల్సిన పాఠం. 'వదంతులు నమ్మొద్దు' అని ప్రెస్ నోట్ ఇచ్చి ఊరుకోలేదు. కానిస్టేబుళ్లను ఒక్కొక్కరిని కొన్ని గ్రామాలకు బాధ్యులుగా చేశారు. వాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, రచ్చబండ దగ్గర కూర్చున్నారు, డప్పుతో, జానపద పాటలతో విషయం చెప్పారు. పల్లె నమ్మేది ముఖం తెలిసిన మనిషి మాటనే. వదంతి కూడా అలా తెలిసినవాళ్ల చేతుల మీదుగానే వచ్చింది కాబట్టి దాని మందూ ఆ దారినే వెళ్లాల్సి వచ్చింది. ఆమె పరిధిలోని వందల గ్రామాల్లో ఆ వదంతికి ఒక్క ప్రాణం కూడా పోలేదు.

భయానికి అంత వేగం ఎందుకంటే, భయపడ్డ మనిషి పరీక్షించి చూడటం తప్పనుకుంటాడు. పిల్లవాడికి ప్రమాదం అంటున్నప్పుడు 'ఇది ఎక్కడి వీడియో' అని అడగడం బాధ్యతారాహిత్యంలా తోస్తుంది. 1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిండన్ జాన్సన్ తరఫున వేసిన ప్రకటనలో ఒక చిన్నపిల్ల పువ్వు రేకులు లెక్కపెడుతుంది, అంతలో ఆ లెక్క అణుబాంబు కౌంట్‌డౌన్‌గా మారుతుంది. ప్రత్యర్థి పేరు కూడా అందులో లేదు. డబ్బు కట్టి వేసింది ఒక్కసారే, ఆ తరవాత వార్తా చానళ్లే దాన్ని పదే పదే చూపించాయి. వాటర్ ఫిల్టరు, హ్యాండ్‌వాష్, ఇన్సూరెన్సు ప్రకటనల్లో తల్లి ముఖం మీద మొదట కనిపించే ఆందోళన ఈ కోవలోదే. ఆ భయానికి కారణం కొంత నిజమే కావచ్చు. చూడాల్సింది ఆ ప్రమాదం ఎంత, అమ్ముతున్న వస్తువు దాన్ని ఎంత తగ్గిస్తుంది అని.

భయం పుట్టించడం కుదరనప్పుడు సందేహం పుట్టిస్తారు. 1954 జనవరిలో అమెరికా సిగరెట్ కంపెనీలు కలిసి 400కు పైగా పత్రికల్లో ఒక ప్రకటన వేశాయి. పొగ తాగితే క్యాన్సర్ వస్తుందన్న పరిశోధనలు ఇంకా తేలలేదని, ప్రజల ఆరోగ్యమే తమకు ముఖ్యమని దాని సారాంశం. 1969లో ఒక సిగరెట్ కంపెనీ లోపల తిరిగిన కాగితంలో 'సందేహమే మన సరుకు' అని రాసుకున్నారు. ఎవర్నీ ఒప్పించాల్సిన పని లేదు, 'ఏమో, రెండు వైపులా చెబుతున్నారు' అనిపిస్తే చాలు. రాజకీయాల్లో 'అందరూ దొంగలే' అన్న మాట ఎక్కువగా వినిపించినప్పుడు ఆ మాట వల్ల ఎవరికి లాభమో చూడాలి. అందరూ ఒకటే అయితే పెద్ద తప్పు చేసినవాడు చిన్న తప్పు చేసినవాడి పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకుంటాడు.

మాట్లాడేది ఎవరు

ఎత్తుగడలన్నిట్లో అతి ప్రమాదకరమైనది, ఇది ప్రచారమన్న సంగతే తెలియనివ్వకపోవడం. 1990 అక్టోబరు 10న అమెరికా చట్టసభ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో శిశువులను ఇంక్యుబేటర్లలోంచి తీసి చల్లని నేల మీద వదిలేశారని. ఆ కథను అధ్యక్షుడు బుష్ కూడా పలుమార్లు చెప్పారు. మూడు నెలలకు ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం ఏర్పాట్ల వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉందని 1992 జనవరిలో గానీ లోకానికి తెలియలేదు. ఆమె చెప్పిన సంఘటనకు ఆధారాలు దొరకలేదు. ఆమె ఎవరో తొలి రోజే తెలిసి ఉంటే ఆ మాటను విన్నవాళ్లు వేరేగా విని ఉండేవారు.

మన దగ్గర ఇది చాలా రూపాల్లో ఉంది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన వ్యవహారం ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల్లో బయటపడింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. పేర్లతో సహా వాళ్లు 2010లో ఇచ్చిన నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు. ప్రకటన అని రాసి ఉంటే పాఠకుడు జాగ్రత్తపడతాడు. వార్త వేషంలో వస్తే ఆ జాగ్రత్త ఉండదు, అమ్ముడుపోయింది కూడా ఆ నమ్మకమే. మద్యం బ్రాండు పేరుతో సోడా, మ్యూజిక్ సీడీలు, గుట్కా పేరుతో యాలకులు అమ్మే ప్రకటనలదీ అదే దారి. యూట్యూబ్, ఇన్‌స్టాలో 'నేను ఆడి ఇంత గెలిచాను' అని చెప్పిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మాట నమ్మి బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు పలువురు సినీతారలు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద ప్రచారం చేశారన్న ఆరోపణలతో కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది.

సరుకు వైపు ఇప్పుడు కొంత కాపలా ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు సీసీపీఏ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ప్రచారం చేసిన తారను ఏడాదిపాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రకటనల నుంచి పక్కన పెట్టగలదు. రోగాలను పూర్తిగా నయం చేస్తామన్న తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2024లో సుప్రీంకోర్టు పతంజలి చేత పత్రికల్లో బహిరంగ క్షమాపణ వేయించింది.

ఓటు వైపు ఇలాంటిది లేదు. ప్రకటనల పరిశ్రమ స్వయంనియంత్రణ సంస్థ ఆస్కీ రాజకీయ ప్రకటనలను తన పరిధిలోకి తీసుకోదు. వినియోగదారుల చట్టం దృష్టిలో ఓటరు వినియోగదారుడు కాడు. 2004లో జెమిని టీవీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో టీవీల్లో రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి వచ్చింది. తరవాత దాన్ని సోషల్ మీడియా ప్రకటనలకూ వర్తింపజేశారు. జిల్లాల్లోని కమిటీలు ఆ ప్రకటనలు మతవిద్వేషం రేపుతున్నాయా, ఎన్నికల కోడ్‌ను దాటుతున్నాయా అని చూస్తాయి. అందులోని అప్పు లెక్క, ఉద్యోగాల లెక్క సరైనవా అని చూడటం వాటి పని కాదు. అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద తెలిసి అబద్ధం చెబితే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(4) సెక్షన్ కింద ఎన్నిక రద్దయ్యే అవకాశం ఉంది. విధానాల మీద, అంకెల మీద అబద్ధం చెబితే అలాంటి ఏర్పాటు లేదు. డీప్‌ఫేక్‌లు తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. మూడు గంటల్లో ఒక వీడియో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో ఫోను వాడే అందరికీ తెలుసు. ప్రభుత్వం మన ప్రసంగాల నిజానిజాలు తేల్చాలని కోరడం కూడా ప్రమాదమే, ఆ అధికారం ముందుగా ప్రతిపక్షం మీదే పడుతుంది. కాబట్టి ఈ ఖాళీ ఇప్పట్లో నిండేది కాదు, పని ఓటరు మీదే పడుతోంది.

ఆ పనికి పనికొచ్చే ఆనవాళ్లు కొన్ని చట్టంలోనే ఉన్నాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టరు ప్రతిదాని మీదా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. పోలింగుకు ముందు రాత్రి గుమ్మం దగ్గర పడేసి వెళ్లే కరపత్రాల్లో అడుగున ఆ గీత లేకపోతే అందులోని ఆరోపణ చదవకముందే దాని విలువ తెలిసిపోతుంది. పత్రికలో వార్తలా కనిపించే పేజీ మీద మూలన 'అడ్వర్టోరియల్' అనో 'ప్రకటన' అనో చిన్న అక్షరాలు ఉన్నాయేమో వెతకాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, గూగుల్‌లలో 2019 నుంచి రాజకీయ ప్రకటనల భాండాగారాలు అందరికీ తెరిచి ఉన్నాయి. పేజీ పేరు కొడితే ఎవరు డబ్బు కట్టారు, ఎంత కట్టారు, ఏ రాష్ట్రంలో చూపించారు అన్నది వస్తుంది. ఏ పార్టీ పేరూ లేకుండా సరదా మీమ్‌లతో మొదలై ఎన్నికల నెలలో ఒక్క నాయకుడి మీదే విరుచుకుపడే పేజీ ఎదురైతే ముందు చూడాల్సింది అక్కడ. డబ్బు కట్టినవారి చోట ఉన్న పేరు వెతికినా ఆచూకీ దొరకనిదైతే ఆ పోస్టును ఫార్వర్డ్ చేయకుండా ఆపడానికి ఆ ఒక్క కారణం చాలు.